పదకొండు సెంటీమీటర్ల మెడ

పెళ్ళికి ముందు కాబోయే మామగారు ఏం ఉద్యోగమని అడిగితే ఆయన ఒక్క ముక్కలో ‘ఫిషింగ్’ అని చెప్పి ఊరుకున్నాడు. ఆ ఒక్క ముక్క చాలా దూరం వెళ్ళింది. అల్లుడికి సొంత పడవ ఉందేమోననుకున్నాడు మామగారు. కూతురి బట్టలకి నీచు వాసన పడుతుందేమోనని అత్తగారు దిగులు పెట్టుకుంది. పెళ్ళికూతురు మాత్రం ఏదీ అనుకోకుండా నేరుగా ఆయన్నే అడిగింది. అప్పుడు చెప్పాడు, తను పట్టేది చేపల్ని కాదు, చమురు బావుల్లో పడిపోయిన ఇనప సామాన్లనని. ఆ పనివాళ్ళు దాన్ని కూడా ఫిషింగ్ అనే అంటారు.

“నీళ్ళూ ఉండవు, చేపలూ ఉండవు. గాలం ఒక్కటే నిజం” అన్నాడు.

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే పెళ్ళి ఖాయమైపోయిందని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు. అత్తగారు మాత్రం మరో పదేళ్ళ దాకా కూతురింటికి వచ్చినప్పుడల్లా గుమ్మంలో ఆగి, ఒకసారి గాలి పీల్చి చూసి గాని లోపలికి అడుగు పెట్టేది కాదు.

ఆ పని అంత తేలికేం కాదు. చమురు బావి అంటే పిడికిలి దూరీ దూరనంత సన్నటి పైపు. అది రెండు మూడు కిలోమీటర్ల లోతుకి పోతుంది. లోపలి ఒత్తిడి కొలవడానికో, అడుగున ఇసుక చేరిందేమో చూడడానికో సన్నని ఉక్కు వైరుకి ఒక టూలు కట్టి అందులోకి దించుతారు. ఎప్పుడో ఒకప్పుడు వైరు తెగుతుంది, లేదా టూలు ఇరుక్కుంటుంది. అప్పుడు ఆయన్ని పిలిచేవారు. లోపలికి తొంగి చూడడానికి వీల్లేదు. చేతిలో ఉన్న వైరు బిగుసుకోవడం, వదులవడం, వణకడం, వీటిని బట్టే కింద ఏం జరుగుతోందో పోల్చుకోవాలి. అదీ తెలియకపోతే మెత్తటి సీసపు ముద్ద దించి, దానిమీద పడిన అచ్చు చూసి, పడిపోయిన వస్తువు ఎటు ఒరిగి ఉందో ఊహించాలి. ఆయన ఆ పని ఇరవై ఎనిమిదేళ్ళు చేశాడు. బావుల్లోంచి టూళ్ళు తీశాడు, తెగిన వైర్లు తీశాడు, ఒకసారి ఎవరో పెద్దసారు చేతిలోంచి జారిన పానా కూడా తీశాడు. ఆ పెద్దసారు ఎవరో మాత్రం ఇప్పటికీ చెప్పడు. అందరూ ఆయన్ని గాలం బాబాయ్ అనేవారు.

భార్యది గొంతుతో చేసే ఉద్యోగం. బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పేది. ఇంట్లో కూడా ఆవిడ ఏది చెప్పినా రెండోసారి చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు, మూడిళ్ళ అవతలికి వినపడేది. తర్వాత అక్కడ రికార్డు చేసిన గొంతు పెట్టుకుని ఈవిడకి ముందే విరమణ ఇచ్చేశారు. ఆ రికార్డు గొంతు ఊరి పేర్లు నమిలి మింగుతుందని ఆవిడకి కోపం. బస్సెక్కడానికి వెళ్ళిన ప్రతిసారీ పక్కన కూర్చున్నవాళ్ళకి ఆ పేర్లు సరిచేసి చెప్పి వచ్చేది.

యాభై నాలుగో ఏట ఆయనకి కుడి మోకాలు మొరాయించింది. ఇక ఇనప మెట్లు ఎక్కడానికి వీల్లేదని డాక్టరు తేల్చేశాడు. కంపెనీవాళ్ళు ఇంటికి పంపడం ఇష్టంలేక టూళ్ళూ వాటి కీళ్ళూ గీసే డిజైన్ ఆఫీసుకి మార్చారు. ఒక కీలు పాడైనవాణ్ణి తీసుకొచ్చి కీళ్ళు తయారుచేసే చోట కూర్చోబెట్టారని ఆయనే అందరికంటే ముందు జోకు వేసుకున్నాడు, ఇంకెవరూ వెయ్యకుండా.

ఆ ఆఫీసులో పదకొండుమంది పిల్లలు పదకొండు కంప్యూటర్ల ముందు కూర్చుని ఉండేవారు. గట్టిగా దగ్గాలన్నా మొహమాటంగా ఉండేది. ఆయనకిచ్చిన కుర్చీకి చక్రాలున్నాయి. మొదటి రోజు కూర్చోగానే అది వెనక్కి జారి బీరువాకి కొట్టుకుంది. రెండో రోజు చక్రాల కింద రెండు చెక్కముక్కలు పెట్టుకున్నాడు. మేనేజరు వచ్చి, మీరు పెద్దవారు, అనుభవజ్ఞులు, డ్రాయింగులు చూసి సంతకం పెడుతుంటే చాలునని మర్యాదగా చెప్పి వెళ్ళాడు. సంతకం పెడితే చాలన్నాడంటే చూడక్కర్లేదని అర్థమని ఆయనకి తెలియక కాదు. తెలిసే, ప్రతి డ్రాయింగూ చూడడం మొదలుపెట్టాడు.

చూసి ప్రతివాణ్ణీ ఒకటే అడిగేవాడు, ఇది లోపల పడిపోతే దీన్ని ఎక్కడ పట్టుకుని లాగాలి అని.

పిల్లలు తెల్లబోయేవారు. పడిపోదు బాబాయిగారూ, లెక్కలన్నీ చూశాం అనేవారు. లెక్కలు చూడకుండా పడిపోయినవి తను ఒక్కటి కూడా తియ్యలేదని, తీసినవన్నీ లెక్కలు చూసినవేనని ఆయన జవాబు. మూడు నెలలు తిరిగేసరికి ఆయన బల్ల వైపు డ్రాయింగు పట్టుకుని రావాలంటే ఒకరినొకరు ముందుకి తోసుకునేవారు.

వాళ్ళల్లో ఒక అమ్మాయి ఉండేది. చురుకైన పిల్ల, మాట కాస్త దురుసు. వంకర తిరిగిన బావుల కోసం ఆ అమ్మాయి ఏడు కీళ్ళ టూలు ఒకటి తయారు చేస్తోంది. ఈ రోజుల్లో బావుల్ని నిట్టనిలువుగా తవ్వడం తగ్గింది. కొంత దూరం దిగాక పక్కకి తిరుగుతాయి. నిటారు కడ్డీలాంటి టూలు ఆ వంపు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. అందుకని ఆ అమ్మాయి టూలుని ఎనిమిది కణుపులుగా కోసి, మధ్యలో ఏడు కీళ్ళు పెట్టింది. ప్రతి కీలులోనూ గిన్నెలో ఇమిడిన ఉక్కు గుండు, అది తన చుట్టూ తాను తిరిగిపోకుండా ఆపే ఒక చిన్న పిన్ను. మొదటి నమూనా వర్క్‌షాపు నుంచి వచ్చిన రోజున దాన్ని రెండు చేతులతో ఎత్తి చూపించింది. మణికట్టు మందం ఉన్న ఇనుము, తడిసిన తాడులా రెండు పక్కలకీ ఒంగింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

ఆయన కూడా కొట్టాడు. నిజంగానే ముచ్చటేసింది. ఒక్కో కీలునీ వేళ్ళతో తిప్పి చూసి, ఎక్కడా పట్టెయ్యడం లేదని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత అడగాల్సింది అడిగాడు.

ఆ అమ్మాయి సిద్ధంగానే ఉంది. పైకొనలో పట్టుకోడానికి గుండ్రటి తల పెట్టాను, చూడండి అంది. ఆయన తలూపి, భోజనాల వేళ పెరట్లోకి రమ్మన్నాడు.

పెరట్లో బయటి మెట్ల పక్కనే పాత బావి పైపు ఒకటి పై అంతస్తు దాకా ఏటవాలుగా ఆనించి ఉంది. టూలులోంచి పై మూడు కణుపులు విప్పించి ఆయన అందులో జారవిడిపించాడు. ఆ అమ్మాయిని మెట్లపైన నిలబెట్టి, వైరుకి కట్టిన పట్టుగొట్టం చేతికిచ్చాడు. అది టూలు తల మీదికి టోపీలా దిగి కరుచుకునే గొట్టం. “దించు, తగిలినప్పుడు పట్టుకుంటుంది, లాగెయ్” అని చెప్పి, తను కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

దించింది. తగల్లేదు. మళ్ళీ దించింది. టంగుమని చప్పుడైంది గాని పట్టు దొరకలేదు. భోజనాల వేళ అయిపోయింది, టీల వేళ కూడా వచ్చింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూసి, తలా ఒక సలహా ఇచ్చి పోయారు. చివరికి ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చి, చెమట తుడుచుకుని, అది అక్కడ ఏం చేస్తోందని అడిగింది.

“పడుకుంది” అన్నాడు ఆయన. “నిటారు టూలు పడిపోతే నిలబడే ఉంటుందమ్మాయ్. నీది కీళ్ళున్న టూలు. పైనుంచి లాగే వైరు లేకపోతే మెడ వాల్చేసి గోడకి ఆనుకుంటుంది. గొట్టమేమో దాని పక్కనుంచి దిగిపోతోంది. ఎంత బాగా వంగితే అంత బాగా పడుకుంటుంది.”

ఆ అమ్మాయి పైపుని ఒకసారి పిడికిలితో తట్టి చూసింది. తర్వాత, మరైతే ఏం చేద్దాం బాబాయ్ అంది. బాబాయిగారు పోయి బాబాయ్ అయింది అప్పుడే.

ఆయనకి డ్రాయింగు గీయడం రాదు. చేతులతో చూపించాడు. అన్నిటికంటే పైన కీలు లేని ఒక గట్టి మెడ ఉండాలి. దాని చుట్టూ మూడు రేకు స్ప్రింగులు పొట్టలు బయటికి పెట్టుకుని ఉండాలి. అవి మూడువైపులా గోడల్ని తన్ని, వైరు తెగినా తలని పైపుకి సరిగ్గా మధ్యలో నిలబెట్టాలి. ఆ అమ్మాయి ఆయన చేతులు చూస్తూ గీసింది. మొత్తం మెడ పదకొండు సెంటీమీటర్లు తేలింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. టూలుని ఊరికే బావిలో పడెయ్యరు. బావి నోటిమీద ఒక గొట్టం నిలబెట్టి, టూలుని అందులో పెట్టి మూత బిగించి, అప్పుడు కింది కవాటం తెరుస్తారు, లోపలి వాయువు బయటికి తన్నకుండా. టూలు ఆ గొట్టంలో పట్టాలి. ఆ అమ్మాయి టూలు అప్పటికే గొట్టం అంచుల దాకా వచ్చేసింది. ఇంక పదకొండు సెంటీమీటర్లు ఎక్కడినుంచి తేవాలి?

ఒక కీలు తీసెయ్యమన్నాడు ఆయన. మెడ తీసెయ్యమంది ఆ అమ్మాయి. రెండు వారాలు మాటామాటా పెరిగింది. ఆయన ఇంటికెళ్ళి భోజనం దగ్గర భార్యకి అంతా అప్పజెప్పేవాడు. చెంచాని టూలుగా, గ్లాసుని బావిగా పెట్టి, రేకు స్ప్రింగు ఎలా తన్నాలో వేళ్ళతో చూపించేవాడు. ఆవిడ వింటూ, మధ్యమధ్యలో గ్లాసు తీసుకుని నీళ్ళు తాగి మళ్ళీ అక్కడే పెట్టేది. ఒక రోజు చివరికి విసుగెత్తి, ఆ పిల్ల దేనికి భయపడుతోందో అడిగారా అంది.

మర్నాడు అడిగాడు. కీలు ఊడి వచ్చేస్తుందేమోనని భయమని ఒప్పుకుంది ఆ అమ్మాయి. అందుకే గుండుని పట్టుకునే గిన్నెల అంచులు కావలసిన దానికంటే పొడుగ్గా పెట్టుకుంది, ప్రతి కీలు దగ్గరా. ఇద్దరూ కలిసి ఒక కీలుని వర్క్‌షాపుకి పట్టుకెళ్ళి, అంచు తగ్గించి, లాగే యంత్రానికి బిగించి లాగించారు. పదహారు మిల్లీమీటర్లు తగ్గించినా ఊడలేదు. ఏడు కీళ్ళకి ఏడు పదహార్లు. మెడకి చోటు దొరికింది, పైగా రెండు మిల్లీమీటర్లు మిగిలాయి. ఆ రెండు మిల్లీమీటర్లు నాకివ్వు అని ఆయన, ఇవ్వనని ఆ అమ్మాయి ఇంకో పూట పోట్లాడుకున్నారు. మేనేజరు ఆ మెడని చూసి మొహం చిట్లించాడు గాని, ఆయన వయసుకి మర్యాద ఇచ్చి సంతకం పెట్టాడు.

టూలు బావుల్లోకి వెళ్ళింది. అద్భుతంగా పనిచేసింది. అదే ఆయన పాలిట కష్టమై కూర్చుంది.

మొదటి బావిలో వంపు దాటి అడుగు దాకా దిగి వచ్చింది. ఐదో బావిలో, పదో బావిలో కూడా అంతే. ఎక్కడా ఇరుక్కోలేదు, వైరు తెగలేదు. ఏడాదిన్నరలో నలభై ఒక్క బావుల్లోకి దిగి, నలభై ఒక్కసార్లూ బుద్ధిగా పైకి వచ్చేసింది. మెడతో ఎవరికీ పని పడలేదు. పైగా దాన్ని శుభ్రం చేసేవాళ్ళు రేకు స్ప్రింగుల సందుల్లో మడ్డి గోకలేక చస్తున్నామని గొణుగుతున్నారని కబురొచ్చింది.

ఆయన పైకి ఎంతో సంతోషంగా కనిపించేవాడు. లోపల మాత్రం, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పెద్ద నష్టమేమీ లేకుండా, ఎక్కడైనా కాస్త ఇరుక్కుంటే బాగుండునని ఉండేది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా తనమీద తనకే అసహ్యం వేసి, ఆ అమ్మాయికి ఒక టీ తెప్పించి ఇచ్చేవాడు. రోజుకి మూడు టీలు ఎందుకు తెప్పిస్తున్నాడో తెలియక ఆ అమ్మాయి తాగేది.

భార్యకి మాత్రం తెలిసిపోయింది. ఫోను మోగితే చాలు, ఆయన అన్నం ముద్ద చేతిలో ఉండగానే లేవబోయేవాడు. వాటర్ ట్యాంకు మనిషో, ఇంకెవరో అని తెలిసి మళ్ళీ కూలబడేవాడు.

“ఆ పిల్ల చేసిన వస్తువు పాడవ్వాలని చూస్తున్నారా మీరు?” అని ఒకరోజు అడిగేసింది.

“పాడవ్వాలని కాదు” అన్నాడు ఆయన. “పడిపోవాలని.”

“రెండిటికీ తేడా ఏమిటి?”

“పడిపోతే తియ్యచ్చు” అన్నాడు. ఆ జవాబు తనకే నచ్చక తలొంచుకుని తినేశాడు.

ఇంతలో మేనేజరు కొత్తగా ఇరవై టూళ్ళు చేయించాలని నిర్ణయించాడు. ఈసారి మెడ అక్కర్లేదనుకుంటున్నామని, గురువారం మీటింగులో తేల్చేద్దామని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. ఆ సాయంత్రం ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. అమ్మాయి అభిప్రాయం ఏమిటో అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

మీటింగుకి రెండు రోజుల ముందు, మంగళవారం పొద్దున, ఆయనకి పన్ను పీకించుకునే పని పడింది. దవడ పన్ను, వేళ్ళు మూడు. పళ్ళ డాక్టరు రెండు సూదులు పొడిచి, పన్ను పీకి, నోట్లో దూది కుక్కి, అరగంట దాకా మాట్లాడొద్దని చెప్పి బయట కూర్చోబెట్టాడు. పెదవీ, నాలుకా, సగం మొహమూ ఎవరివో అన్నట్టున్నాయి. ముందు గదిలో ఆరేడుగురు తమ వంతు కోసం దవడలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. భార్య మందుల చీటీ మడత పెట్టుకుంటోంది.

అప్పుడు ఫోను మోగింది.

చేసింది ‘నిదానం’. ఒకప్పుడు ఆయన చేతికింద పనిచేసినవాడు, ఇప్పుడు ఫిషింగ్ జట్టుకి పెద్ద. ఏ పనిలోనైనా నిదానం, నిదానం అంటుంటాడని ఆ పేరు పడింది. భార్య ఫోనెత్తి, ఆయన మాట్లాడే స్థితిలో లేరు, నాకు చెప్పు తమ్ముడూ అంది. అతను చెప్పాడు. ఏడు కీళ్ళ టూలు పడిపోయింది. పైనుంచి ఇసుక జారి మీద పడింది, లాగబోతే వైరు టూలు తల దగ్గరే తెగి పైకి వచ్చేసింది. పట్టుగొట్టం రెండుసార్లు దించారు, కరుచుకోలేదు. సీసపు ముద్ద దించితే మధ్యలో పడాల్సిన అచ్చు ఒక వారకి, నెలవంకలా పడింది. గురువుగారు మెడ మధ్యలో నిలబడుతుందన్నారు కదా, మరి ఇలా ఎందుకుంది, బలంగా కొట్టి కిందికి దిగేసి చూడమంటారా, అని అడుగుతున్నాడు.

ఆవిడ ఆ ముక్కలన్నీ ఆయనకి వినిపించింది. ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. చెయ్యి అడ్డంగా ఊపుతూ ‘కొట్టొద్దు’ అన్నాడు. నోట్లో దూది, నాలుక మొద్దు. అది ‘ఒత్తొత్తు’ అని బయటికి వచ్చింది.

“ఒత్తమంటున్నారు...” అని ఫోనులో మొదలుపెట్టి ఆవిడ టక్కున ఆగింది. “ఉండు తమ్ముడూ. ఒత్తమని ఈయన అనరు.”

ఆయన చీటీ లాక్కుని వెనకవైపు రాయబోయాడు. పెన్ను పలకలేదు. పక్కనున్న ముసలాయన తన పెన్ను ఇచ్చాడు. ఆయన వంగి రాస్తుండగానే ఆవిడ నడుం నిటారుగా పెట్టి, ఫోనుని మైకులా నోటికి జానెడు దూరంలో పట్టుకుని మొదలుపెట్టింది. ఆ గొంతు విని లోపలి గదిలో డాక్టరు యంత్రం ఆపాడు.

“జాగ్రత్తగా విను తమ్ముడూ. కొట్టొద్దు. కొడితే ఇసుక ఇంకా బిగుస్తుంది, కీళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. మెడకి మూడు వైపులా మూడు రేకు స్ప్రింగులున్నాయి. అచ్చు ఒక వారకి పడిందంటే, ఒకవైపు ఇసుక చేరి ఆ వైపు స్ప్రింగుని నొక్కేసిందన్నమాట. ముందు ఆ ఇసుక తోడండి. తోడే గొట్టం ఉంటుంది కదా, దానితో, ఒకటి రెండు సార్లు కాదు, ఖాళీగా వచ్చేదాకా. ఇసుక పోతే స్ప్రింగు తన్ని తలని మధ్యలోకి తెస్తుంది. అప్పుడు మళ్ళీ సీసం దించి చూడండి. అచ్చు మధ్యలో పడ్డాకే పట్టుగొట్టం దించండి. మరొక్కసారి చెబుతున్నాను...”

మరొక్కసారి మొత్తం చెప్పింది. అలవాటు పోలేదు.

ఆయన రాసిన చీటీ ఎత్తి చూపించాడు. దానిమీద ‘ముందు ఇసుక తోడు’ వరకే పూర్తయింది. ఆవిడ చూసి, అది చెప్పేశాను అన్నట్టు తలూపి ఫోను పెట్టేసింది.

గదిలో ఎవరూ దవడలు పట్టుకుని లేరు. పెన్ను ఇచ్చిన ముసలాయన ముందుకి వంగి మెల్లగా అడిగాడు.

“బావిలో పడిందెవరమ్మా?”

“ఎవరూ కాదండీ” అంది ఆవిడ. “మా వారి మెడ.”

ముసలాయన ఆయన మెడ వైపు చూశాడు. అది ఉండాల్సిన చోటే ఉంది. ఇంకేమీ అడక్కుండా తన పెన్ను తను తీసుకున్నాడు.

ఇంటికొచ్చారు. మత్తు దిగింది, నొప్పి మొదలైంది. ఆయన మాత్ర వేసుకోలేదు, వేసుకుంటే నిద్రపడుతుందని. కావాలని కోరుకున్నది జరిగింది గాని ఒక్క రవ్వ సంతోషం లేదు. ఇప్పుడు అది బయటికి రాకపోతే? తన స్ప్రింగే ఇసుకలో చిక్కి, తన మెడే అడ్డమైతే? ఆ పిల్ల ఏడాది కష్టం తన చేతుల మీదుగా బావి అడుగున ఉండిపోతే? ముందు గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి కుంటుతూ తిరిగాడు. కూర్చోమని భార్య మూడుసార్లు చెప్పింది. మూడోసారి పక్కింటివాళ్ళు కూడా కూర్చున్నారేమో గాని ఆయన కూర్చోలేదు.

మధ్యాహ్నం మూడున్నరకి నిదానం ఫోను చేశాడు. పదకొండుసార్లు ఇసుక తోడారు. సీసం మీద అచ్చు సరిగ్గా నడిమధ్యలో, గుండ్రంగా పడింది. పట్టుగొట్టం మొదటిసారికే కరుచుకుంది. నిదానంగా లాగితే ఎనిమిది కణుపులూ వరసగా పైకి వచ్చాయి. ఒక్క కీలు కూడా ఊడలేదు. అతను ఇవన్నీ చెప్పి, అమ్మగారికి నమస్కారాలు చెప్పమని పెట్టేశాడు. గురువుగారికి చెప్పడం మర్చిపోయాడు.

ఆయన వెంటనే ఆ అమ్మాయికి ఫోను చేశాడు. అప్పటికే ఆఫీసులో తెలిసిపోయింది. ఆ అమ్మాయి ఫోనెత్తగానే, నా టూలు పడిపోయింది బాబాయ్ అంది. ఇసుక మీద పడితే ఎవరి టూలైనా పడిపోతుందని ఆయన సర్దిచెప్పాడు. దాచుకోలేక, అసలు సంగతి కూడా చెప్పేశాడు.

“ఇది ఒక్కసారి పడిపోతే బాగుండునని ఏడాదిగా అనుకుంటున్నానమ్మాయ్. నా దిష్టే తగిలిందేమో.”

అవతల కుర్చీ చక్రాలు జరిగిన చప్పుడైంది.

“నేనూ అనుకున్నాను” అంది ఆ అమ్మాయి. “పడిపోయి, ఆ మెడ పనిచెయ్యకపోతే, నా ఏడు పదహార్లూ నాకు తిరిగి వచ్చేస్తాయని. పోయిన నెల ఒకసారి. ఒకసారే.”

ఆయనకి నవ్వొచ్చింది. పీకిన పన్ను చోట సలుపు పెట్టింది. దవడ పట్టుకునే నవ్వాడు.

గురువారం మీటింగుకి టూలుని కడిగి తెచ్చి బల్లమీద పొడుగ్గా పరిచారు. మేనేజరు ఏమీ అనకముందే ఆయన జేబులోంచి స్కేలు తీసి మెడ దగ్గర వంగాడు. పట్టుగొట్టం కరిచిన గీతలు స్పష్టంగా ఉన్నాయి. స్ప్రింగులు గోడని రాసుకున్న గుర్తులూ ఉన్నాయి. కొలిచాడు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి కొలిచాడు. పని చేసిందంతా ఏడు సెంటీమీటర్ల లోపే. కింది నాలుగు సెంటీమీటర్లూ ఏ గీతా లేకుండా, కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తున్నాయి.

ఎవరూ చూడలేదు. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

“నాలుగు ఎక్కువ పెట్టించాను” అన్నాడు ఆయన. “ఏడు చాలు. ఆ నాలుగూ అమ్మాయికి ఇచ్చెయ్యండి.”

మేనేజరు తన డైరీలో ఏడు అని రాసుకున్నాడు. ఆ అమ్మాయి అప్పటికే కాగితం లాక్కుని నాలుగు సెంటీమీటర్లని ఏడు కీళ్ళకి పంచే లెక్కలో పడిపోయింది. అది సమంగా తెగడం లేదని విసుక్కుంటోంది. ఇరవై టూళ్ళూ మెడతోనే తయారయ్యాయి.

ఆ తర్వాత జట్టువాళ్ళ ఫోన్ల తీరు మారిపోయింది. చెయ్యడం ఆయన నంబరుకే చేసేవారు, అడగడం మాత్రం అమ్మగారు ఉన్నారా అని. ఆయన ఒకటి రెండుసార్లు చిన్నబుచ్చుకుని, తర్వాత ఫోను ఆవిడ దిండు పక్కనే పెట్టడం మొదలుపెట్టాడు.

కొత్త టూలు మొదటిసారి దించే రోజున డిజైన్ అమ్మాయి తనూ వస్తానని పట్టుబట్టింది. అన్ని టూళ్ళు గీసింది గాని బావి మొహం ఎరగదు. కంపెనీ జీపులో చోటుంటే నేనూ వస్తానంది ఆయన భార్య. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ కూడా బావి చూడలేదు. చూడాలని అడగలేదు, ఆయన పిలవాలని అనుకోలేదు.

కంచె, గులకరాళ్ళు, రెండు రేకు గదులు, మధ్యలో మనిషెత్తు ఇనప కవాటాల దొంతర. అంతే. పైన జట్టువాళ్ళు గొట్టం బిగిస్తున్నారు. డిజైన్ అమ్మాయి నెత్తిన టోపీ పెట్టుకుని గబగబా ఇనప మెట్లు ఎక్కేసింది. నిదానం కిందికి దిగి వచ్చి అమ్మగారికి కుర్చీ వేయించాడు. ఆవిడ కూర్చోలేదు. ఆ దొంతర చుట్టూ ఒకసారి తిరిగింది.

“ఇదేనా బావి?”

“ఇదే.”

“నేనింకా పెద్దదనుకున్నాను. మీరు ఆ గ్లాసు పెట్టేవారు చూడండి, దానికంటేనన్నా పెద్దదనుకున్నాను.”

“లోతు చాలా ఉంటుందిలే” అన్నాడు ఆయన, కాస్త సమర్థించుకుంటున్నట్టు.

ఆవిడ చెయ్యి చాచి పైపు మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే తియ్యలేదు.

“వెచ్చగా ఉంది” అంది.

“ఎప్పుడూ అంతే. కిందనుంచి వచ్చే వేడి.”

“ఇన్నేళ్ళలో ఇది చెప్పలేదే మీరు.”

ఆయన ఆలోచించాడు. టూళ్ళ గురించి చెప్పాడు, ఇసుక గురించి చెప్పాడు, వైరు ఎలా వణుకుతుందో వెయ్యిసార్లు చెప్పాడు. చలిలో చేతులు కొంకర్లుపోతే జట్టంతా వచ్చి ఈ పైపుకి ఆనుకుని నిలబడేవాళ్ళమన్న సంగతి మాత్రం ఎందుకో ఎన్నడూ నోటికి రాలేదు. తనూ వచ్చి ఆవిడ చేతి పక్కన తన చెయ్యి పెట్టాడు. పైనుంచి ఆ అమ్మాయి, వైరు వదులుతున్నాం బాబాయ్ అని కేకేసింది. అరచేతుల కింద పైపు సన్నగా కంపించింది. ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన తలూపి, టూలు దిగుతోందని చెప్పాడు.

అది దిగడం పూర్తయ్యేదాకా వాళ్ళిద్దరూ అక్కడే నిలబడ్డారు.